పడిన సంగతి ఏ కాగితంలో ఉంది? ఒక తుంటి ఆపరేషన్ క్లెయిమ్ కథ

రిటైరైనవాళ్ల మెడికల్ క్లెయిమ్‌లు చూసిపెట్టడం నా పని. మొదట్లో విశాఖలో ఒక టీపీఏలో, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థలో కూర్చుని ఇలాంటి బిల్లుల్లోనే కోతలు పెట్టేవాణ్ణి. ఇప్పుడు బల్లకు ఇవతల ఉన్నాను. రాయగడ, గజపతి జిల్లాల్లోని తెలుగు కుటుంబాలు ఎక్కువగా వస్తుంటాయి. మా వైపు క్లెయిమ్‌లకు ఒక చిక్కు ఉంది. ఇల్లు ఒడిశాలో ఉంటుంది, పాలసీ ఇచ్చిన ఏజెంటు పార్వతీపురంలోనో పాతపట్నంలోనో ఉంటాడు, ఆపరేషన్ విశాఖలో జరుగుతుంది. కాగితాలు తలా ఒక ఊళ్లో పుడతాయి. అన్నీ ఒక్క కవరులోకి చేరేసరికి అసలైనది ఏదో ఒకటి ఇంట్లోనే ఉండిపోతుంది.

ఈ కేసులో జరిగింది అదే. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెల్ని లెక్క తేలిగ్గా అర్థమయ్యేలా సరిచేశాను, నిష్పత్తులు మాత్రం అవే.

నేపథ్యం

ఆయనకు అరవై దాటి కొన్నేళ్లు. ఒక పెద్ద ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. చేతికొచ్చేది ఈపీఎస్ పింఛను, దానికి తోడు బ్యాంకులో వేసుకున్న డిపాజిట్ల వడ్డీ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కంపెనీ గ్రూప్ పాలసీ ఉండేది. గ్రూపులోంచి బయటికొచ్చేటప్పుడు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారమని అడగొచ్చు. అలా మారితే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు, ఆపరేషన్లకు క్లెయిమ్ చెల్లని మొదటి కాలం) కూడా వెంట వస్తుంది. ఆయనకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. బంధువైన ఏజెంటు వేరే కంపెనీలో భార్యాభర్తలిద్దరికీ కలిపి 5 లక్షల కొత్త పాలసీ రాయించాడు. దాంతో గడియారం సున్నా దగ్గర మళ్లీ మొదలైంది. జాయింట్ రీప్లేస్‌మెంట్‌కు రెండేళ్లు ఆగాలి, వయసుతో వచ్చే ఎముకల అరుగుదల, బోలుతనానికి అంతకంటే ఎక్కువ. గది అద్దెకు పరిమితి రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, అంటే 5,000 రూపాయలు.

ఆయుష్మాన్ కార్డు లేదా అని చాలామంది అడుగుతారు. ఒడిశాలో ఆ పథకం 2025 ఏప్రిల్‌లో మొదలైంది. డెబ్బై నిండినవాళ్లకైతే ఆదాయంతో పనిలేకుండా వయ వందన కార్డు ఇస్తారు. ప్రైవేటు పాలసీ ఉన్నా దానికి అడ్డు కాదు. ఈయనకు ఇంకా డెబ్బై రాలేదు, రేషన్ కార్డు దారిలోనూ అర్హత లేదు. ఉన్నది ఈ పాలసీ ఒక్కటే.

సమస్య

పాలసీకి ఏడాది దాటింది, రెండో ఏడు నడుస్తోంది. ఒకరోజు తెల్లవారుజామున బాత్రూమ్‌లో కాలు జారి పడ్డారు. ఎడమ తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. విశాఖలో సగం కీలు మార్చారు. ఆసుపత్రి పంపిన క్యాష్‌లెస్ అభ్యర్థనను టీపీఏ తిరస్కరించింది. కొడుకు డిపాజిట్ విరగ్గొట్టి 3,40,000 రూపాయలు కట్టాడు. తర్వాత రీయింబర్స్‌మెంట్‌కు పంపితే అదే జవాబు వచ్చింది: ‘జాయింట్ రీప్లేస్‌మెంట్, రెండేళ్ల వెయిటింగ్ పూర్తికాలేదు.’

నా దగ్గరికి వచ్చేలోపు వాళ్లు చేయగలిగినవన్నీ చేశారు. ఏజెంటు బ్రాంచికి వెళ్లి మాట్లాడాడు. కొడుకు కాల్‌సెంటర్‌కు ఫోన్లు చేశాడు. నాన్న పింఛను ఇంత, అమ్మకు షుగర్, ఉన్న డబ్బంతా అయిపోయిందంటూ రెండు పేజీల ఉత్తరం రాసి, పాత బిల్లులనే మళ్లీ జతచేసి పంపాడు. ఆ ఉత్తరంలో అబద్ధం ఒక్కటీ లేదు, పనికొచ్చేదీ ఒక్కటీ లేదు. క్లెయిమ్ చూసే మనిషి ముందు పాలసీ షరతు ఒకటి, డిశ్చార్జ్ సమ్మరీ ఒకటి ఉంటాయి. మన కష్టాన్ని నింపడానికి అక్కడ గడి ఉండదు. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మొదటి మలుపు

ముందు తిరస్కరణ ఎక్కడ నిలబడిందో చూశాను. పాలసీలో రెండేళ్ల వెయిటింగ్ షరతు కిందే ఒక వాక్యం ఉంటుంది: ప్రమాదం వల్ల వచ్చిన క్లెయిమ్‌కు ఈ మినహాయింపు వర్తించదు. ఇది అన్ని కంపెనీలకూ ఒకటే ప్రామాణిక షరతు. కాబట్టి కీలు మార్చారా లేదా అన్న చర్చే అక్కర్లేదు. పడి విరిగిందా, అరిగి పోయిందా అన్నదొక్కటే తేలాలి.

డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూస్తే పడినట్టు ఎక్కడా లేదు. ‘మూడు రోజులుగా ఎడమ తుంటి నొప్పి, నడవలేకపోవడం’ అని ఉంది. దాని కిందే ఎక్స్‌రే వివరంలో ఎముక మెడ విరిగిందని, ఎముక పలచబడిందని కూడా ఉంది. క్యాష్‌లెస్ కోసం ఆసుపత్రి పంపే ప్రీ-ఆథ్ ఫారంలో ప్రమాదమా అన్న గడికి ఎదురుగా ‘కాదు’ అని టిక్. ఈ కాగితాలు నా బల్ల మీదికి వచ్చుంటే నేనూ తిరస్కరించే వాణ్ణే.

ఇంట్లో పడ్డ మనిషి కాగితంలో ఎందుకు పడలేదు? ఆయన భార్యను అడిగాను. కాసేపు నసిగి చెప్పారు.

“పడ్డరోజే ఇక్కడ గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లేం బాబూ. ఇంజెక్షన్ ఇచ్చి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. మా మరిది కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్లేడు. మూడ్రోజులు కట్టుతోనే ఉన్నారు. వైజాగ్‌లో అది చెప్తే డాక్టరు తిడతారని నొప్పని మాత్రమే చెప్పేం.”

క్లెయిమ్ పోయిన చోటు ఇదే. నాటుకట్టు సంగతి దాచబోయి దానితోపాటు పడిన సంగతినీ దాచేశారు.

ఇక్కడ రెండు దారులున్నాయి. బాత్రూమ్‌లో పడ్డారని ఇప్పుడు స్టాంపు కాగితం మీద నోటరీ అఫిడవిట్ ఇవ్వడం ఒకటి. కొడుకు అప్పటికే అది రాయించుకొచ్చాడు కూడా. తిరస్కరణ వచ్చాక పుట్టిన కాగితానికి విలువ తక్కువ. ఎదుటివాడికి ‘ఇప్పుడు కల్పించారు’ అనే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది. అందుకే పక్కన పెట్టించాను. రెండో దారి, క్లెయిమ్ అన్న ఊసే లేనప్పుడు ఎవరో ఒకరు తమ పని కోసం రాసుకున్న కాగితం వెతకడం. పడినవాణ్ణి చూసిన ప్రతి చోటా ఏదో ఒక రాత మిగులుతుంది.

స్థానిక ఆసుపత్రి ఓపీ చీటీ అడిగితే పారేశామన్నారు. ఎక్స్‌రేలు తెమ్మన్నాను. విశాఖ ఫిల్ముల పెద్ద కవరు అడుగున, మందుల షాపు బిల్లుతో కలిపి నాలుగు మడతలు పెట్టి ఉంది ఆ చీటీ. పైన ఒడియాలో ఆసుపత్రి ముద్ర, తేదీ, రిజిస్టర్ నంబరు. కింద డాక్టరు గీతల్లో ‘హెచ్/ఓ ఫాల్ ఎట్ హోమ్’, అంటే ఇంట్లో పడ్డారని, ఆ పక్కన ‘ఎడమ తుంటి, ఎక్స్‌రే, రిఫర్’. ఒడియా అక్షరాలున్నాయి కదా, వైజాగ్‌లో ఎవరికి తెలుస్తుందని కొడుకు దాన్ని క్లెయిమ్‌లో పెట్టలేదట. ముద్ర ఏ భాషలో ఉంటే ఏం, వైద్యుడి రాత ఇంగ్లీషే. అయినా ఎవరూ సాకు చూపకుండా ముద్రకు ఇంగ్లీషు అనువాదం జతచేశాం. అదే రిజిస్టర్ నంబరుతో ఆసుపత్రి రికార్డు నకలు కూడా తీయించాం.

ఇక విశాఖ ఆసుపత్రి. డిశ్చార్జ్ సమ్మరీ మార్చి ఇమ్మని అడుగుతామని కొడుకు అన్నాడు. వద్దన్నాను. తిరస్కరణ తర్వాత దిద్దిన సమ్మరీ అఫిడవిట్ కంటే ప్రమాదం, రెండు సమ్మరీలు పక్కపక్కన పెట్టి చూపిస్తారు. పూర్తి ఇండోర్ కేస్ షీట్ నకలు అడగమన్నాను. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. దరఖాస్తులో ఆ మాట రాస్తే కౌంటర్ దగ్గర ‘రేపు రండి’ తగ్గుతుంది.

కేస్ షీట్ ఎందుకంటే, డిశ్చార్జ్ సమ్మరీని చివరిరోజు డ్యూటీ డాక్టరు ప్రీ-ఆథ్ ఫారం చూసి టైపు చేయించేస్తాడు. కేస్ షీట్‌లో అలా కాదు, ఒక్కొక్కరూ విడివిడిగా రోగినే అడిగి రాసుకుంటారు. మత్తు డాక్టరు మరీను. అనుకున్నట్టే ఆపరేషన్ ముందురోజు ఆయన రాసిన పేజీలో ‘మూడు రోజుల కిందట జారి పడ్డారు, స్పృహ తప్పలేదు’ అని ఉంది. ఇంట్లోవాళ్లు పక్కన లేనప్పుడు పెద్దాయన ఉన్నది ఉన్నట్టు చెప్పేశారన్నమాట.

ఉత్తరంలో నాటుకట్టు సంగతి రాయాలా వద్దా అని ఇంట్లో వాదన జరిగింది. రాయాలనే నేను పట్టుబట్టాను. చీటీ తేదీకీ అడ్మిషన్ తేదీకీ మధ్య మూడు రోజుల ఖాళీ ఉంది. మనం చెప్పకపోతే ఎదుటివాళ్లు తమకు నచ్చినట్టు పూరించుకుంటారు. కట్టు కట్టించుకోవడం పాలసీలో నేరమేం కాదు.

ఈ కాగితాలతో కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి ఒకటిన్నర పేజీ ఉత్తరం వెళ్లింది. అంతకు ముందు వచ్చిన మొదటి తిరస్కరణ టీపీఏ పేరుతోనే ఉంది. క్లెయిమ్‌ను తిరస్కరించే అధికారం టీపీఏకు లేదు. షరతు చూపిస్తూ బీమా కంపెనీయే చెప్పాలి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే మాస్టర్ సర్క్యులర్ వచ్చాక లోపలి రివ్యూ కమిటీ ఆమోదం కూడా ఉండాలి. ఆ సంగతి ఒక్క వాక్యంలో గుర్తుచేసి వదిలేశాను. దాన్నే పట్టుకుని వేలాడితే అసలు విషయం వెనక్కి పోతుంది.

జవాబుగా కంపెనీ కొత్త మాట ఎత్తుకుంది. పడ్డారని ఒప్పుకున్నా, ఎముక పలచబడి ఉందని మీ ఎక్స్‌రేలోనే ఉంది కదా, విరగడానికి కారణం వయసుతో వచ్చిన బోలుతనమే, దానికీ వెయిటింగ్ ఉందంది. తెలివైన వాదనే. దీనికి మళ్లీ పాలసీ నిర్వచనాల పేజీకి వెళ్లాం. ప్రమాదం అంటే బయటి నుంచి, కంటికి కనిపించేలా, బలంగా, అనుకోకుండా, హఠాత్తుగా జరిగిన సంఘటన అని ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనం. అందులో ఎముక గట్టిదా బోలుదా అన్న మాటే లేదు. సర్జన్ దగ్గర చిన్న స్పష్టీకరణ తీసుకున్నాం. ఆయన పడటం చూడలేదు కాబట్టి ‘పడ్డారు’ అని రాయమని అడగలేదు. విరిగిన తీరు పడటం వల్ల వచ్చేదానికి సరిపోతుందని, అంతకుముందు తుంటికి చికిత్స చేసిన ఆధారం రికార్డుల్లో లేదని, ఆపరేషన్ విరిగిన ఎముకకే చేశామని రాశారు. ఆయనకు తెలిసింది అంతే, మాకు కావలసిందీ అంతే.

క్లెయిమ్ ఒప్పుకున్నారు.

రెండో మలుపు: కోత

కుటుంబం పండగ చేసుకునేలోపే బ్యాంకులో పడిన మొత్తం చూశారు. 2,05,000. కొడుకు ‘పోనీలెండి సార్, వచ్చిందే మహాభాగ్యం’ అన్నాడు. సెటిల్‌మెంట్ షీట్ తీశాను.

బిల్లు ఇదీ. గది రోజుకు 8,000 చొప్పున ఆరు రోజులకు 48,000. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, విజిట్లు కలిపి 1,20,000. కీలు ఇంప్లాంట్ 85,000. మందులు, సర్జికల్ సామాన్లు 52,000. పరీక్షలు 23,000. మిగతా 12,000 రిజిస్ట్రేషన్, గ్లౌజులు, ఫైలు ఖర్చు వంటి చెల్లని పద్దులు. ఈ 12,000లోనే గది మీద జీఎస్టీ 2,400 ఉంది. రోజుకు 5,000 దాటిన గదికి 5 శాతం పన్ను 2022 జులై నుంచి పడుతోంది.

కంపెనీ ఏం చేసిందంటే, చెల్లనివి తీసేసి మిగిలిన 3,28,000 మొత్తాన్నీ ఎనిమిదింట అయిదు వంతులు చేసింది. అర్హత 5,000, తీసుకున్న గది 8,000 కాబట్టి అన్నీ అదే నిష్పత్తిలో అన్నమాట. దీన్నే ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. కోత పెట్టే హక్కు కంపెనీకి ఉంది. కానీ దేనికి పెట్టొచ్చో 2020 జూన్‌లో ఐఆర్‌డీఏఐ గీత గీసింది. మందులు, సర్జికల్ సామాన్లు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. ఐసీయూ చార్జీలకూ వర్తించదు. గదిని బట్టి రేటు మారని ఆసుపత్రిలో అసలు పెట్టకూడదు. ఆలోచిస్తే న్యాయమే కదా, ఏసీ గదిలో పడుకున్నా జనరల్ వార్డులో పడుకున్నా లోపల పెట్టే కీలు అదే.

ఆ చివరి మాట పట్టుకుని ముందు ఆసుపత్రి రేట్ల పట్టిక తెప్పించాను. సర్జన్, థియేటర్ ఫీజు కూడా అన్ని గదులకూ ఒకటే అయితే కోత మొత్తం ఎగిరిపోతుంది. అది కలిసి రాలేదు. జనరల్ వార్డుకు, షేరింగ్ గదికి, సింగిల్ గదికి విడివిడి రేట్లున్నాయి. ఆ వాదనను ఉత్తరంలో పెట్టనే లేదు. బలమైన మాట పక్కన బలహీనమైనది పెడితే ఎదుటివాళ్లు బలహీనమైనదానికే జవాబిచ్చి ఫైలు మూసేస్తారు.

సరైన లెక్క ఇలా వేసి ఇచ్చాం. గది ఆరు రోజులు 5,000 చొప్పున 30,000. డాక్టర్లు, థియేటర్ పద్దు 1,20,000లో కోత పోను 75,000. ఇంప్లాంట్, మందులు, పరీక్షలు పూర్తిగా 1,60,000. మొత్తం 2,65,000. ఇంకా రావలసింది 60,000.

గ్రీవెన్స్ నుంచి ‘పాలసీ నిబంధనల ప్రకారమే చెల్లించాం’ అని ఒక్క వాక్యం వచ్చింది. ఏ నిబంధన అన్నది లేదు.

ఇక అంబుడ్స్‌మన్. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి ఆయన. ఇక్కడ సరిహద్దు ప్రశ్న వచ్చింది. ఆసుపత్రి విశాఖలో ఉంది కదా, హైదరాబాద్ ఆఫీసుకే వెళ్లాలని అందరూ అనుకున్నారు. ఆసుపత్రి ఎక్కడుందన్నది అక్కడ లెక్కలోకే రాదు. 2017 నిబంధనల ప్రకారం పాలసీదారు ఇల్లు ఎక్కడ, బీమా కంపెనీ బ్రాంచి ఎక్కడ అన్నవే చూస్తారు. ఇల్లు ఒడిశాలో కాబట్టి భువనేశ్వర్, పాలసీ ఇచ్చిన బ్రాంచి ఆంధ్రలో కాబట్టి హైదరాబాద్, రెండింట్లో ఏదైనా పనికొస్తుంది. కొడుకు తెలుగు చోటని హైదరాబాద్ అన్నాడు. నేను భువనేశ్వర్ అన్నాను. మొదటి కాగితమే ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రిది, పాలసీ మీద చిరునామా కూడా అక్కడిదే. విచారణ వీడియోలో జరిపే వీలుంది కాబట్టి ప్రయాణం పెద్ద లెక్క కాదు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వేస్తే చాలు.

ఫిర్యాదులో పడిన కథంతా మళ్లీ చెప్పలేదు. ఆ పోరు మనం గెలిచాం, దాన్ని తిరగదోడితే నష్టం మనకే. బిల్లు పద్దులు, కంపెనీ కోత, ఉండాల్సిన కోత మూడు నిలువు వరుసల్లో వేసిన ఒక్క పట్టికే ఫిర్యాదు. నోటీసు కంపెనీకి వెళ్లాక, విచారణ తేదీ రాకముందే 60,000 ఖాతాలో పడింది. ఆలస్యానికి వడ్డీ కూడా అడిగాం, ఇవ్వలేదు. దానికోసం ఇంకా సాగదీయడం పెద్దాయనకు ఇష్టం లేకపోయింది. నాకైతే సాగదీయాలనే ఉండేది.

మిగిలిపోయినవి

3,40,000లో చివరికి రానిది 75,000. అందులో గది తేడా 18,000, దాని వెంట పోయిన డాక్టర్ల కోత 45,000. అడ్మిషన్ రోజు కౌంటర్‌లో ‘ఇన్సూరెన్స్ ఉంది కదా, సింగిల్ రూమ్ తీసుకోండి, అమ్మగారికి పడుకోవడానికి వీలుగా ఉంటుంది’ అన్నారట. రోజుకు మూడు వేలే కదా ఎక్కువ అనుకున్నాడు కొడుకు. ఆ మూడు వేలే ఆరు రోజుల్లో అరవై మూడు వేలయ్యాయి. అందుకే ఇప్పుడు నా దగ్గరికి పాలసీ తెచ్చినవాళ్లకు ముందు గది పరిమితి చూపిస్తాను, తర్వాతే బీమా మొత్తం.

ఫిజియోథెరపీ డబ్బు పూర్తిగా పోయింది. డిశ్చార్జ్ తర్వాత రెండు నెలల ఖర్చు ఆ పాలసీలో వస్తుంది, సర్జన్ రాసిచ్చారు కూడా. ఇంటికొచ్చి చేయించిన కుర్రాడికి ప్రతిరోజూ చేతికి డబ్బిచ్చారు, రసీదు తీసుకోలేదు. నాటుకట్టు ఖర్చు ఎలాగూ అడగలేదు.

క్యాష్‌లెస్ కాదన్నప్పుడే క్లెయిమ్ పోయిందనుకుని వదిలేసేవాళ్లు మా వైపు చాలామంది. క్యాష్‌లెస్ ఇవ్వకపోవడం వేరు, క్లెయిమ్ తిరస్కరించడం వేరు. కాగితాలు ఆలస్యంగా వెళ్లాయన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను తోసేయకూడదని ఐఆర్‌డీఏఐ (అప్పటి పేరు ఐఆర్‌డీఏ) 2011లోనే కంపెనీలకు చెప్పింది.

రెన్యూవల్ దగ్గరికొచ్చేసరికి, గది పరిమితి లేని వేరే కంపెనీ పాలసీకి మారదామా అని పెద్దాయన అడిగారు. అలా కంపెనీ మారి పోర్ట్ చేసుకుంటే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పాత 5 లక్షల వరకు వెంట వస్తుంది, పెంచిన మొత్తానికి మాత్రం మొదటి నుంచీ లెక్క. కానీ తుంటి ఆపరేషన్ అయి ఏడాది కూడా కాని మనిషిని కొత్త కంపెనీ తీసుకోవాలని లేదు. అది కాదంటుందేమోనన్న భయంతో పాతది రెన్యూ చేయకుండా ఆగితే అసలుకే మోసం. అందుకే పోర్ట్ దరఖాస్తు రెన్యూవల్‌కు నెలన్నర ముందే వేయించి, జవాబు రాకపోతే పాతదే కట్టేయమన్నాను. కొత్త కంపెనీ కాదంది. పాతదే కట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు కాబట్టి ఈసారి కట్టిన మొత్తం తగ్గింది. ఆ మిగులుతో బాత్రూమ్‌లో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ పెట్టించారని కొడుకు చెప్పాడు.